ఒకే బాక్సు, నాలుగు టీవీలు: స్ప్లిటర్ పెట్టే పద్ధతి

ఐపీఎల్ మొదలయ్యిందంటే బెంగళూరులో మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా మన వాళ్ళ మెస్సుల్లో, పీజీల్లో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో ఒకటే ప్రశ్న. సెట్‌టాప్ బాక్సు ఒక్కటే ఉంది, టీవీలు మూడో నాలుగో ఉన్నాయి, అన్నింట్లో మ్యాచ్ రావాలంటే ఏం చేయాలి? జవాబు చిన్నదే, హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ కొనండి. కానీ కొనుక్కొచ్చి తగిలించాక ఒక టీవీలో బొమ్మ బాగానే వచ్చి, రెండోదాంట్లో తెల్ల చుక్కలు మెరిసి, మూడోదాంట్లో 'నో సిగ్నల్' అని వచ్చేసరికి అందరూ స్ప్లిటర్‌నే తిడతారు. చాలాసార్లు పాపం దాని తప్పేం ఉండదు. కేబుల్ పొడవు ఎక్కువైపోయి ఉంటుంది, లేదంటే ఆ నాలుగింట్లో అన్నిటికంటే పాత టీవీ మిగతావాటిని కిందికి లాగుతుంటుంది.

అందుకని షాపుకి బయల్దేరే ముందే కొలత టేపు తీయండి. బాక్సు పెట్టే చోటు నుంచి ప్రతి టీవీ దాకా వైరు నిజంగా ఏ దారిన పోతుందో ఆ దారిన కొలవాలి. సూటిగా చూస్తే ఏడు మీటర్లే కదా అనిపించేది, గోడ ఎక్కి, తలుపు ఫ్రేము మీదుగా తిరిగి, టీవీ వెనకాల దిగేసరికి పన్నెండు దాటుతుంది. అలాగే ప్రతి టీవీ వెనకాల ఉన్న మోడల్ నంబరు స్టిక్కర్ని ఫోన్లో ఫోటో తీసుకోండి. ఏది 4కె, ఏది ఫుల్ హెచ్‌డీ (1080పి), ఏది ఇంకా హెచ్‌డీ రెడీ (720పి) దగ్గరే ఆగిపోయిందో ఇంటర్నెట్‌లో చూస్తే తెలిసిపోతుంది. ఈ రెండూ చేతిలో ఉంటే మిగతా పని సగం అయిపోయినట్టే.

స్ప్లిటర్ చేసే పని, చేయని పని

స్ప్లిటర్ ఒకే బొమ్మను అన్ని టీవీలకూ పంపుతుంది, అంతే. ఒకదాంట్లో మ్యాచ్, పక్కదాంట్లో వార్తలు కావాలంటే దీనితో అవ్వదు, ప్రతి టీవీకీ వేరే బాక్సు ఉండాల్సిందే. షాపులో స్విచ్ అని ఇంకొకటి చూపిస్తారు, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ అది రెండు మూడు బాక్సుల్ని ఒకే టీవీకి కలిపి మార్చుకోవడానికి. డబ్బా మీద ఒకటి ఇన్, నాలుగు అవుట్ అని ఉందో లేదో చూసి తీసుకోండి. మ్యాట్రిక్స్ అని మూడో రకం కూడా ఉంది, ఏ బాక్సు ఏ టీవీకి పోవాలో రిమోట్‌తో మార్చుకోవచ్చు. పెద్ద స్పోర్ట్స్ బార్లకి పనికొస్తుంది గానీ మెస్సుకి దండగ.

ఆన్‌లైన్‌లో ఒక తల, రెండు తోకలు ఉన్న 'వై' కేబుల్ కూడా చాలా చవగ్గా దొరుకుతుంది. దానికి కరెంటు అడాప్టర్ ఉండదు, లోపల చిప్పు ఉండదు. కొనకండి. పాత ఎరుపు-తెలుపు-పసుపు వైర్లయితే ఎలాగోలా రెండుగా చీల్చి నెట్టుకొచ్చేవాళ్ళం. హెచ్‌డీఎంఐలో బొమ్మ పంపడానికి ముందు బాక్సు, టీవీ ఒకదాన్నొకటి అడిగి తెలుసుకునే తతంగం ఒకటి ఉంటుంది, ఒకే వైరు మీద రెండు టీవీలు ఒకేసారి జవాబిస్తే బాక్సుకి ఏమీ అర్థం కాదు. ఆ కేబుల్‌తో ఒక టీవీ ఆపితే రెండోది రావడం, రెండూ వేస్తే రెండూ పోవడం జరిగేది అందుకే. 5 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే స్ప్లిటరే తీసుకోండి.

డిష్ నుంచి దిగే వైరునే చిన్న లోహపు స్ప్లిటర్‌తో చీల్చి ఇద్దాం అనే ఆలోచన కూడా కొందరికి వస్తుంది. అలా చీల్చినా ప్రతి చివరా ఒక బాక్సు కావాలి. పైగా బాక్సు తనకు కావాల్సిన సిగ్నల్ కోసం డిష్ మీద సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ అనే పరికరానికి 13 వోల్టులో 18 వోల్టులో పంపుతుంది. రెండు బాక్సులు ఒకే వైరు మీద చెరొకటి అడిగితే ఒకదాంట్లో కొన్ని ఛానెళ్ళు మాయమవుతాయి. ఆ గొడవ వద్దు.

4కె తీసుకోవాలా, మామూలుది చాలా

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. మీరు చూపించేది డీటీహెచ్ బాక్సులోని హెచ్‌డీ ఛానెలే అయితే మన దగ్గర ఆ ఛానెళ్ళు వచ్చేదే 1080ఐలో, కాబట్టి 1080పి స్ప్లిటర్ హాయిగా సరిపోతుంది. ఫైర్ స్టిక్ 4కె లాంటిది పెట్టి 4కె చూపించాలని ఉంటే, డబ్బా మీద '4కె' అన్న అక్షరాలు చూసి ఆగిపోకుండా 30 హెర్ట్జా, 60 హెర్ట్జా, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు అని అడగండి. 30 హెర్ట్జ్ అంటే హెచ్‌డీఎంఐ 1.4 నాటి సరుకు, సెకనుకు 10.2 గిగాబిట్ల వరకే మోస్తుంది. క్రికెట్‌లో బంతి కదలిక దాంట్లో కుదుపుగా కనిపిస్తుంది. 60 హెర్ట్జ్ కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0, 18 గిగాబిట్లు అని రాసి ఉన్నది తీసుకోవాలి. మెస్సులో పది అడుగుల దూరం నుంచి, ఒక కన్ను ప్లేటు మీద పెట్టి 43 అంగుళాల టీవీ చూసేవాళ్ళకి 4కెకీ 1080పికీ తేడా తెలియదని నా అభిప్రాయం. ఆ డబ్బేదో మంచి కేబుళ్ళ మీద పెట్టండి.

టీవీలన్నీ ఒకేలాంటివి కాకపోతే ఇంకో చిక్కు ఉంది. ప్రతి టీవీ తనకు ఏ రిజొల్యూషన్ వచ్చు, ఏ రకం సౌండ్ వచ్చు అనే జాబితా ఒకటి బాక్సుకి చెబుతుంది, దాన్నే ఈడీఐడీ అంటారు. మధ్యలో స్ప్లిటర్ ఉంటే అది ఈ జాబితాలన్నీ చూసి అందరికీ నప్పేది బాక్సుకి చెబుతుంది. ఇంట్లో ఒక్కరికి కారం పడకపోతే కూర అందరికీ చప్పగా వండినట్టే, మూడు 4కె టీవీల మధ్య ఒక్క పాత హెచ్‌డీ రెడీ టీవీ ఉంటే నాలుగింట్లోనూ బొమ్మ దాని స్థాయికే దిగుతుంది. కొన్ని చవక స్ప్లిటర్లు ఇంత ఆలోచన కూడా చేయవు, మొదటి అవుట్‌పుట్‌కి ఏ టీవీ తగిలిస్తే దాని జాబితానే బాక్సుకి చదివి వినిపిస్తాయి. అప్పుడు మొదటి టీవీ బ్రహ్మాండంగా ఉండి పాత టీవీ నల్లగా ఉండిపోతుంది. దీనికి మందు, పాత టీవీని తెచ్చి మొదటి పోర్టుకి తగిలించడం, లేదా బాక్సు సెట్టింగ్స్‌లో రిజొల్యూషన్ 'ఆటో' తీసేసి 1080పి అని, ఆ పాత టీవీకి అది కూడా రాకపోతే 720పి అని గట్టిగా పెట్టేయడం. స్ప్లిటర్ పక్కన చిన్న చిన్న మీటలు ఉంటే అవి ఈడీఐడీ ఎంచుకోవడానికే, ఏ మీట ఏం చేస్తుందో డబ్బాలోని కాగితంలో ఉంటుంది, ఆ కాగితం పారేయకండి. డౌన్‌స్కేలింగ్ ఉన్న స్ప్లిటర్ అయితే 4కె టీవీకి 4కె, ఫుల్ హెచ్‌డీ టీవీకి 1080పి విడివిడిగా పంపుతుంది. ధర ఎక్కువే, కానీ టీవీలు కలగాపులగంగా ఉంటే అదే సుఖం.

సౌండ్‌దీ ఇదే కథ. బొమ్మ వచ్చి మాట రాకపోతే బాక్సు డాల్బీ పంపుతోంది, టీవీకి అది రాదు అని అర్థం. బాక్సు సౌండ్ సెట్టింగ్‌లో పీసీఎం లేదా స్టీరియో పెడితే అన్ని టీవీలూ మాట్లాడతాయి.

హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ కూడా ఉంది. ఓటీటీల్లో 4కె రావాలంటే బాక్సు, స్ప్లిటర్, టీవీలు అన్నీ హెచ్‌డీసీపీ 2.2 ఉన్నవై ఉండాలి. మధ్యలో ఏ ఒక్కటి పాతదైనా బొమ్మ కిందికి దిగడమో, నల్ల తెర మీద ఎర్రర్ రావడమో జరుగుతుంది. ల్యాప్‌టాప్ పెట్టినప్పుడు మామూలు బొమ్మ అన్ని తెరల మీదా చక్కగా కనిపిస్తూ సినిమా వేయగానే నల్లబడితే అనుమానం మొదట దీని మీదే పెట్టుకోండి.

అసలు తంటా అంతా వైర్లతో

1080పి 60 హెర్ట్జ్ బొమ్మకి సెకనుకు నాలుగున్నర గిగాబిట్లు కావాలి, 4కె 60కి దాదాపు 18. వేగం పెరిగేకొద్దీ రాగి వైరులో సిగ్నల్ నీరసపడే దూరం తగ్గిపోతుంది. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 1080పి పది మీటర్ల దాకా ధైర్యంగా లాగొచ్చు, మంచి మందపాటి కేబుల్ అయితే పదిహేను. 4కె 60 అయితే ఐదు మీటర్లు దాటాక ఇక అదృష్టమే. షాపువాడు ఇరవై మీటర్ల కేబుల్ చూపించి '4కె సపోర్ట్ సార్' అంటాడు, తల ఊపి వెళ్ళిపోండి.

దూరం ఎక్కువైతే రెండు దారులు. ఒకటి ఆప్టికల్ ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్, ముప్పై మీటర్లు దాటినా 4కెని తేలిగ్గా మోస్తుంది, సన్నగా ఉంటుంది. కానీ దానికి దిక్కు ఉంటుంది. ఒక చివర సోర్స్ అని, ఇంకో చివర డిస్‌ప్లే అని రాసి ఉంటుంది, తిరగేసి లాగి సీలింగ్ మూసేస్తే మళ్ళీ అంతా విప్పాలి. బాగా వంచితే విరుగుతుంది, మూలల దగ్గర గుండ్రంగా తిప్పాలి.

రెండోది, నాకు ఎక్కువ నచ్చేది, క్యాట్ 6 ఎక్స్‌టెండర్. స్ప్లిటర్ దగ్గర ఒక చిన్న డబ్బా, టీవీ వెనకాల ఒక చిన్న డబ్బా, మధ్యలో మామూలు నెట్‌వర్క్ వైరు. సాధారణ రకాలు 1080పిని యాభై అరవై మీటర్ల దాకా తీసుకెళ్తాయి, హెచ్‌డీబేస్‌టీ రకమైతే వంద మీటర్ల దాకా. నాలుగు అవుట్‌పుట్లూ నేరుగా క్యాట్ 6 సాకెట్లే ఉండే స్ప్లిటర్లు కూడా వస్తున్నాయి, క్లబ్‌హౌస్ లాంటి చోట అదే తీసుకోండి, విడివిడిగా కొనే డబ్బాలు, అడాప్టర్లు తగ్గుతాయి. టీవీ వైపు డబ్బాకి కరెంటు కూడా ఆ వైరులోనే వచ్చే రకం దొరికితే ఇంకా మేలు, ఎందుకంటే గోడమీది టీవీ వెనకాల ప్లగ్గు పాయింటు ఒక్కటే ఉంటుంది, అది టీవీకే సరిపోతుంది.

క్యాట్ 6 నచ్చడానికి ఇంకో కారణం గోడలో వేసిన పైపు. ముప్పావు ఇంచి పైపులో హెచ్‌డీఎంఐ కేబుల్ తల పట్టదు, ఎలక్ట్రీషియన్ ఎంత తోసినా బెండు దగ్గర ఇరుక్కుంటుంది. నెట్‌వర్క్ వైరు అయితే ముందు లాగేసి తర్వాత చివర్లో కనెక్టరు క్రింప్ చేసుకోవచ్చు. కాకపోతే మూడు జాగ్రత్తలు. అసలైన రాగి వైరు అడగండి, అల్యూమినియం మీద రాగి పూత పూసినది చవగ్గా వస్తుంది, దూరానికి పనికిరాదు. మధ్యలో ముక్కలు అతకకండి. 230 వోల్టుల వైర్లు పోయే పైపులో దీన్ని కలిపి లాగకండి, బొమ్మ చెడడం సంగతి అటుంచి అది ప్రమాదం. పైపు ఖాళీ లేకపోతే గోడమీద కేసింగ్ కొట్టించుకోండి. ఎక్స్‌టెండర్ వైరుని ఇంటర్నెట్ రూటర్లో కూడా పెట్టకండి, నెట్‌వర్క్ మీదుగా పనిచేసే ఐపీ రకం అని స్పష్టంగా రాసి ఉంటే తప్ప అది ఈ చివరి నుంచి ఆ చివరికి ఒంటరిగానే పోవాలి.

సామాను ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో కొనడం మేలు, మెట్రోలో చిక్కపేటలో దిగితే నడిచి వెళ్ళొచ్చు. హిందీయో కన్నడమో తెలుగో ఏదో ఒకటి నడుస్తుంది. ఆదివారం చాలా షాపులు మూసేసి ఉంటాయి. మీ బాక్సో ఫైర్ స్టిక్కో జేబులో పెట్టుకెళ్ళి, స్ప్లిటర్‌ని అక్కడే రెండు తెరలకు తగిలించి చూపించమని అడగండి, చూపించని షాపు వదిలేయండి. బిల్లు అడిగితే ధర కొంచెం పెరుగుతుంది, అయినా అడగండి, వారంటీకి అదే ఆధారం.

తగిలించే వరుస

ముందు ఒక్క టీవీని బాక్సుకి నేరుగా, స్ప్లిటర్ లేకుండా కలిపి బొమ్మ చూడండి. తర్వాత బాక్సు నుంచి స్ప్లిటర్‌కి వీలైనంత పొట్టి కేబుల్ వేసి, స్ప్లిటర్‌ని బాక్సు పక్కనే పెట్టి, పొడవు వైర్లన్నీ అవుట్‌పుట్ వైపు వచ్చేలా చూసుకోండి. టీవీలు ఒక్కొక్కటిగా కలుపుతూ ప్రతిసారీ బొమ్మ వచ్చిందని చూసుకున్నాకే కేసింగ్ మూత బిగించాలి. కరెంటు ఇచ్చేటప్పుడు టీవీలు మొదట, తర్వాత స్ప్లిటర్, చివర బాక్సు. ఈ వరుసలో అయితే బాక్సు లేచి అడిగే సమయానికి టీవీలన్నీ జవాబివ్వడానికి సిద్ధంగా ఉంటాయి. ఫైర్ స్టిక్ లాంటివాటికి కరెంటు వాటి అడాప్టర్ నుంచే ఇవ్వండి, టీవీ యూఎస్‌బీ నుంచి కాదు. ల్యాప్‌టాప్ అయితే విండోస్ బటన్, 'పి' కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. స్ప్లిటర్ దాటాక ఉన్న నాలుగు తెరల్నీ ల్యాప్‌టాప్ ఒకే తెర అనుకుంటుంది, అందుకని వాటి మధ్య ఎక్స్‌టెండ్ ఎలాగూ రాదు.

సీఈసీ అనే సదుపాయాన్ని అన్ని టీవీల్లోనూ ఆపేయండి. శాంసంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. అది పనిచేస్తుంటే ఎవరో ఒక మూల టీవీ రిమోట్‌తో ఆపితే దానితోపాటు బాక్సు కూడా నిద్రపోవచ్చు, చివరి ఓవర్‌లో అలా జరిగితే మెస్సులో ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఒక టీవీ వేసినా ఆపినా మిగతావాటిలో బొమ్మ ఒకటి రెండు క్షణాలు పోయి రావడం మాత్రం మామూలే, భయపడకండి.

సౌండ్ అన్ని టీవీల్లోనూ పెట్టకండి. ఒక్కో కంపెనీ టీవీ బొమ్మని సరిచేయడానికి ఒక్కోలా సమయం తీసుకుంటుంది, కామెంటరీ ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. ఒక టీవీ నుంచి ఆప్టికల్ వైరుతో యాంప్లిఫయర్‌కో సౌండ్‌బార్‌కో తీసుకుని మిగతావి మ్యూట్ చేయండి. ప్రతి టీవీలో ఓటీటీ యాప్ విడివిడిగా వేస్తే సరిపోదా అంటే, వేయొచ్చు, కానీ ఒక టీవీలో సిక్స్ పడి జనం అరిచాక పక్క టీవీలో బౌలర్ ఇంకా పరిగెత్తుతూ ఉంటాడు. స్ప్లిటర్‌తో ఆ బాధ లేదు.

కరెంటు విషయానికి వస్తే, బాక్సు, స్ప్లిటర్ రెండూ కలిపి వాడేది తక్కువే, ఒక చిన్న యూపీఎస్ మీద పెడితే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పైన చెప్పిన వరుస మళ్ళీ చేయక్కర్లేదు. స్ప్లిటర్ వేడెక్కుతుంది, గాలి ఆడే చోట పెట్టండి, వంటగది కిటికీ పక్కన, దోసె పెనం వేడి తగిలేచోట కాదు. పొడవు రాగి వైరు పట్టుకుంటే చేతికి కరెంటు జిల్లుమంటే ఎర్తింగ్ సరిగా లేదన్నమాట, ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా తగిలించకండి, పోర్టులు కాలేది ఇలాంటి చోట్లే. ఫైబర్ కేబుల్‌కి ఈ సమస్య తక్కువ.

మెస్సులోనో హోటల్లోనో చూపించేవాళ్ళు ఇంటి కనెక్షన్‌తో నడిపించకండి. కస్టమర్ల కోసం టీవీ పెట్టే చోటు కమర్షియల్ కిందికి వస్తుంది, ఓటీటీ చందాలైతే వ్యక్తిగత వాడకానికే ఇస్తారు. మీ డీటీహెచ్ కంపెనీకి ఫోన్ చేసి కమర్షియల్ ప్యాక్ అడగండి.

బొమ్మ రాకపోతే

తెల్ల చుక్కలు మెరుస్తున్నా, బొమ్మ వచ్చి పోతున్నా కేబుల్ తన హద్దు అంచుకి చేరిందని అర్థం. ముందు రిజొల్యూషన్ ఒక మెట్టు దించి చూడండి, చుక్కలు ఆగిపోతే కేబుల్ మార్చాల్సిందే. టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్, ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ లాంటివి ఆపినా కొన్నిసార్లు కుదురుకుంటుంది. బొమ్మంతా గులాబీ రంగులోనో ఆకుపచ్చగానో ఉంటే రెండు చివర్లూ ఊడదీసి మళ్ళీ గట్టిగా పెట్టండి. ఒక్క టీవీలోనే రాకపోతే దాని వైరుని స్ప్లిటర్ మీద, పనిచేస్తున్న టీవీకి వాడిన పోర్టులోకి మార్చి చూడండి. సమస్య వైరుతో పాటు వస్తే తప్పు వైరుది, ఎక్స్‌టెండర్‌ది, లేదా ఆ టీవీది. పాత పోర్టు దగ్గరే ఉండిపోతే స్ప్లిటర్‌ది. ఏ టీవీలోనూ రాకపోతే స్ప్లిటర్ అడాప్టర్ లైటు వెలుగుతోందో లేదో చూసి, అన్నీ ఆపి, టీవీలు, స్ప్లిటర్, బాక్సు వరుసలో మళ్ళీ వేయండి. స్ప్లిటర్‌కి ఇంకో స్ప్లిటర్ తగిలించి ఎనిమిది టీవీలు చేసి ఉంటే రెండోదాన్ని తీసేసి చూడండి. రెండు అంచెలే ఎక్కువ, మూడో అంచెకి అసలు పోవద్దు, ఎనిమిది కావాలంటే ఎనిమిది అవుట్‌పుట్లది ఒకటే కొనండి.

అంతా కుదిరాక ప్రతి వైరుకీ రెండు చివర్లా తెల్ల టేపు చుట్టి ఏ టీవీదో మార్కర్‌తో రాసి పెట్టండి. బాక్సు రిజొల్యూషన్ ఎంత పెట్టారో, స్ప్లిటర్ మీటలు ఎటు ఉన్నాయో ఫోటో తీసి మేనేజర్ ఫోన్లో కూడా ఉంచండి. మీరు ఊరెళ్ళినప్పుడు ఎవరో ఒకరు ఆ మీట కదిలిస్తారు.